జగజ్జెట్టి తఖ్తీ

సావనీరుకు యేదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, పాత విద్యార్థులు మామూలుగా రాసేవే రాద్దామనుకున్నాను. హాస్టల్ మెస్సులో నీళ్ల చారు, మాస్టార్లకు మనం పెట్టిన మారుపేర్లు, ఎన్నికల రోజుల్లో గోడల మీద రాతలు... రెండు రాత్రులు కూర్చున్నా కలం సాగలేదు. అవన్నీ నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది వున్నారు. అంచేత, నలభై యేళ్లకు పైగా నన్ను వదలకుండా వున్న ఒక మనిషి కథ చెబుతాను. ఆయన మన కాలేజీలో చదవలేదు. మన దేశపు మనిషీ కాదు. ఇరాన్ దేశపు మల్లయోధుడు. పేరు గులాంరెజా తఖ్తీ. ఆయన పోయేనాటికి నేనింకా హైస్కూలు మొహం చూడలేదు.

1978లో హాస్టల్లో నా పక్క గదిలో ఒక ఇరానీ కుర్రాడు వుండేవాడు. ఆ రోజుల్లో హైదరాబాదు కాలేజీల్లో ఇరాన్ నుంచి వచ్చి చదువుకునేవాళ్లు చాలామందే వుండేవారన్న సంగతి నా తోటివాళ్లకు గుర్తుండే వుంటుంది. అతని మంచం తలవైపు గోడకు ఒక నలుపు తెలుపు ఫోటో అంటించి వుండేది. వెడల్పాటి భుజాలు, నలిగిపోయిన చెవులు, యెదటివాణ్ణి చూసి సిగ్గుపడుతున్నట్లు కాస్త వంగిన తల. వాళ్ల మేనమామ కాబోలు అనుకున్నాను.

అప్పట్లో నేను కాలేజీ కుస్తీ జట్టులో వుండేవాణ్ణి. ఆ యేడు కళాశాలల మధ్య జరిగిన పోటీలో నా తూకంలో ఆఖరి కుస్తీకి యెదటి కుర్రాడు యెడమ మోకాలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. నాకు అంతకన్నా యేం కావాలి? మొదటి నిమిషం నుంచీ ఆ కాలే పట్టాను. నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు. గెలిచాను. కప్పు పట్టుకుని హాస్టల్‌కొచ్చి ఆ పట్టు యెలా పట్టానో అభినయించి మరీ చెబుతూంటే అందరూ భుజం తట్టారు. పక్క గది ఇరానీ మాత్రం వూరుకున్నాడు. ఆ రాత్రి తన గదికి పిలిచి, పాలు లేని టీ కాచి ఇచ్చి, ఫోటోలోని మనిషి కథ చెప్పాడు. నన్నొక్క మాట అనలేదు. కథ చెప్పాడంతే. తర్వాత యిన్నేళ్లలో దొరికినచోటల్లా చదివి నేను కూడబెట్టుకున్నది దానికి చేర్చి చెబుతున్నాను.

కుస్తీ అనే మాట మనకు పారశీకం నుంచే వచ్చింది. పహిల్వాన్ అంతే, వస్తాదు అంతే. పాతబస్తీ తాలింఖానాల్లో వొళ్లంతా మట్టి పూసుకునే కుర్రాళ్ల నోట ఇరాన్ మాటలు యిప్పటికీ ఆడుతూనే వున్నాయి. మన తాలింఖానా వంటిదాన్ని అక్కడ జూర్‌ఖానే అంటారు. బలానికి ఇల్లు అని అర్థం. నేలకు దిగువగా, యెనిమిది పలకలుగా కట్టిన గొయ్యి వుంటుంది. గట్టున యెత్తైన పీట మీద మొర్షెద్ అనే పెద్దమనిషి కూర్చుని డోలు వాయిస్తూ, మధ్య మధ్య గంట కొడుతూ, ఫిర్దౌసి షానామా వంటి కావ్యాల్లోని పద్యాలు పాడుతూంటాడు. గోతిలో దిగినవాళ్లు ఆ లయకు తగ్గట్టు మీల్ అనే బరువైన చెక్క గదలను భుజాల చుట్టూ తిప్పుతారు. గుమ్మం కురచగా వుంటుంది. యెంతటి మొనగాడైనా తల వంచితేనే లోపలికి పోవాలి. ఈ సాధన సంప్రదాయాన్ని 2010లో యునెస్కో తన వారసత్వ జాబితాలోకి యెక్కించింది.

అక్కడ నేర్పేది బలం ఒక్కటే కాదు. జవాన్‌మర్దీ అని ఒక గుణం వుంది. మగటిమి, దాతృత్వం, అణకువ మూడూ కలిసిన మాట అది. మన భాషలో ఒక్క మాటతో చెప్పలేను. పూర్యాయె వలీ అని ఆరేడు వందల యేళ్ల కిందటి మల్లుడొకడున్నాడు. మర్నాడు తనతో తలపడబోయే కుర్రాడి తల్లి, తన కొడుకు గెలవాలని దేవుణ్ణి మొక్కుకుంటూ యేడవడం విని, కావాలనే ఓడిపోయాడని అక్కడ పిల్లలకు చెబుతారు. నిజంగా జరిగిందో లేదో గాని, తఖ్తీ పెరిగింది ఆ కథల మధ్య. ఆయన్ని జనం కొలిచిందీ ఆ కొలబద్దతోనే. ఈ సంగతి మరిచిపోతే ఆయన కథ అర్థం కాదు.

ఆయన 1930 ఆగస్టులో టెహరాన్ నగరానికి దక్షిణాన వున్న ఖానీ ఆబాద్ అనే పేదల పేటలో పుట్టాడు. తాత ధాన్యం, పప్పులు అమ్మేవాడట. దుకాణంలో యెత్తైన పీట మీద కూర్చునేవాడు గనుక ఆ ఇంటికి తఖ్తీ అని పేరు వచ్చింది. తండ్రికి మంచు నిలవచేసి అమ్ముకునే గోతులున్న నేల వుండేది. ఆ నేల రైల్వే కట్టడాల కోసం రెజా షా ప్రభుత్వం చేతుల్లోకి పోయింది. తర్వాత అప్పుల వల్ల ఇల్లూ పోయి, ఆ కుటుంబం సామానుతో సహా వీధిలో రాత్రులు గడపవలసి వచ్చిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. పని వెతుక్కుంటూ మస్జిదె సులేమాన్ నూనె బావుల దాకా పోయి కూలి చేశాడు. తిరిగి వచ్చాక రైల్వేలో వుద్యోగం దొరికింది. తండ్రి నేల తీసుకున్న రైల్వేయే కొడుక్కి తిండి పెట్టింది. ఇలాంటివి నవలలో రాస్తే నమ్మం.

టెహరాన్‌లో పూలాద్ అనే వ్యాయామ సంఘంలో ఆయన కుస్తీ దిద్దుకున్నాడు. పూలాద్ అంటే వుక్కు. హబీబుల్లా బులూర్ అనే వస్తాదు చేతుల్లో తయారయ్యాడు. అప్పటికి ఇరాన్ కుస్తీ జూర్‌ఖానే గోతుల్లోంచి చాపల మీదికి, అంటే అంతర్జాతీయ నియమాల ఫ్రీస్టయిల్ కుస్తీలోకి, అప్పుడప్పుడే అడుగు పెడుతోంది. 1951లో హెల్సింకీలో ప్రపంచ పోటీలు జరిగాయి. 79 కిలోల తూకంలో తఖ్తీ రెండోవాడుగా వచ్చి వెండి పతకం తెచ్చాడు. మరుసటి యేడు అదే హెల్సింకీలో ఒలింపిక్స్. మళ్లీ వెండే. బంగారం సోవియట్ జట్టులోని జార్జియా మల్లుడు త్సిమకురీద్జెకు పోయింది.

నాలుగేళ్ల తర్వాత, 1956లో మెల్బోర్న్‌లో తఖ్తీ తూకం పెంచుకుని 87 కిలోల్లో దిగాడు. సోవియట్ కులాయెవ్‌నూ అమెరికన్ బ్లెయిర్‌నూ వెనక్కి నెట్టి బంగారం పట్టాడు. అదే పోటీల్లో ఇమామలీ హబీబీ అనే మరో ఇరానీ 67 కిలోల్లో బంగారం గెలిచాడు. ఒలింపిక్స్‌లో ఇరాన్‌కు అవే తొలి బంగారాలు. ఈ ఇద్దరినీ గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. 1959లో సొంత వూరు టెహరాన్‌లోనూ, 1961లో జపాన్‌లోని యొకొహామాలోనూ తఖ్తీ ప్రపంచ విజేత. ఆ మధ్యలో, 1960 రోము ఒలింపిక్స్‌లో మాత్రం తుర్కీ మల్లుడు ఇస్మెత్ అత్లీ ముందు తలవంచి వెండితో తిరిగొచ్చాడు. స్వదేశంలో పాత పద్ధతి కుస్తీలో దేశానికల్లా పెద్ద పహిల్వాన్‌గా మూడుసార్లు నిలిచి, ఆ బిరుదుకు గుర్తుగా కట్టే భుజకీర్తి ధరించాడు. జనం ఆయన్ని జహాన్ పహ్లవాన్ అన్నారు. షానామాలో వీరులకు వాడే మాట అది. మన జగజ్జెట్టి అన్నమాట.

లెక్క చూసుకుంటే ఒక విచిత్రం కనబడుతుంది. ఒలింపిక్స్, ప్రపంచ పోటీలు కలిపి ఆయనకు దక్కిన పతకాలు 7. అందులో బంగారం 3, వెండి 4. అంటే పెద్ద బరిలో గెలిచినదానికన్నా ఆఖరి మెట్టు మీద జారినదే యెక్కువ. ఆయన తర్వాత ఇరాన్ మల్లులు ఆయన్ని మించిన పతకాలు తెచ్చారు. మరి ఇరాన్‌లో ఫలానా పహిల్వాన్ యెవరని అడిగితే తఖ్తీ పేరే యెందుకు ముందు వస్తుంది? ఆ రాత్రి నేనూ పక్క గది కుర్రాణ్ణి అదే అడిగాను. సమాధానంగా అతను చెప్పిన మొదటి సంగతి నా గొంతులో టీ దిగకుండా చేసింది.

అలెగ్జాండర్ మెద్వెద్ అని సోవియట్ దేశపు మహామల్లుడు. తర్వాత వరసగా మూడు ఒలింపిక్స్‌లో బంగారం గెలిచినవాడు. అతనితో తలపడబోయే ముందు, అతని కుడి మోకాలికి దెబ్బ తగిలి వుందని తఖ్తీకి తెలిసిందట. కుస్తీ జరిగినంతసేపూ ఆ కాలి జోలికి పోలేదట. పట్టుకుంటే యెడమ కాలే పట్టాడు. ఆ కుస్తీ ఓడిపోయాడు. ఇది ఇరాన్‌లో ప్రతి ఇంటా చెప్పుకునే కథ. ఇలాంటిదే ఇంకొకటి వుంది. మాస్కోలో ఆల్బూల్ అనే మల్లుణ్ణి ఓడించి, గెలుపు సంబరంలో వుండకుండా ఆ కుర్రాడి తల్లి దగ్గరికి నడిచి వెళ్లి, నీ కొడుకు గొప్ప మల్లుడమ్మా అని ఓదార్చి వచ్చాడంటారు.

చరిత్ర చదువుకున్నవాణ్ణి గనుక ఒక మాట వొప్పుకోవాలి. ఈ రెండో కథ వింటుంటే పూర్యాయె వలీ కథలోని తల్లి గుర్తు రాక మానదు. జనం తమకు నచ్చినవాడికి పాత కథల్ని తొడుగుతారు. మన దగ్గరా అంతే కదా! అయితే తఖ్తీ విషయంలో కథకూ కాగితానికీ ఒకే జవాబు వచ్చే సందర్భం ఒకటుంది. అది వేలాదిమంది కళ్లతో చూసింది.

1962 సెప్టెంబరు 1వ తేదీ రాత్రి, కజ్వీన్ నగరానికి దక్షిణాన బుయీన్ జహ్రా ప్రాంతంలో భూకంపం వచ్చింది. పన్నెండు వేల పైచిలుకు జనం చచ్చిపోయారు. పచ్చి ఇటుకల ఇళ్లు కావడంతో గ్రామాలకు గ్రామాలే మట్టి కుప్పలయ్యాయి. సర్కారు సాయం తమకు అందుతుందని నమ్మేవాళ్లు ఆ దేశంలో అప్పటికి తక్కువ. అందుతుందని యిచ్చేవాళ్లు ఇంకా తక్కువ. తఖ్తీ యేం చేశాడు? పత్రికలో విన్నపం రాయలేదు, సభ పెట్టలేదు. టెహరాన్ పెద్ద వీధుల్లో కాలినడకన బయల్దేరాడు. జోలె పట్టినవాడిలా దుకాణం దుకాణానికీ, ఇంటింటికీ నడిచాడు. ప్రపంచ విజేత మన గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపితే యెవరు కాదంటారు? డబ్బిచ్చారు, దుప్పట్లిచ్చారు, వొంటి మీది కోట్లు విప్పి యిచ్చినవాళ్లున్నారు, చేతి గాజులు తీసి యిచ్చిన ఆడవాళ్లున్నారు. ఆయన వెనక కుర్రాళ్లు, వాళ్ల వెనక బండ్లు. పోగైన సామాను లారీలకెక్కి భూకంపం ప్రాంతానికి చేరింది.

వీధిలో బతికిన రాత్రులు గుర్తున్నవాడు వీధినే నమ్ముకున్నాడు. నా మట్టుకు నాకు, మెల్బోర్న్ బంగారం కన్నా ఆ నడక పెద్దదనిపిస్తుంది. పాలకులకూ అది పెద్దదిగానే కనిపించింది, అయితే వేరే విధంగా. ఒక మనిషి పిలిస్తే నగరం కదులుతుందని తెలిసిన తర్వాత యే సింహాసనానికైనా నిద్ర పడుతుందా?

ఆయన రాజకీయాలు అప్పటికే దాపరికం లేనివి. ఇరాన్ నూనెను జాతీయం చేసిన ప్రధాని మొసద్దెగ్‌ను 1953 ఆగస్టులో, అమెరికా, బ్రిటన్ గూఢచారుల చేయూతతో కూలదోసిన సంగతి మన చరిత్ర విద్యార్థులకు తెలుసు. తఖ్తీ మొసద్దెగ్ మనిషి. ఆయన అనుచరుల నేషనల్ ఫ్రంటులో చేరాడు. ఆ సంస్థ మహాసభ ఆయన్ని కేంద్ర మండలిలోకి యెన్నుకుంది. 1967 మార్చిలో, గృహనిర్బంధంలోనే మొసద్దెగ్ కన్నుమూసినప్పుడు, అంత్యక్రియలకు పోవడమే నేరంలా చూసే రోజుల్లో, అహ్మదాబాద్ అనే ఆ పల్లెకు వెళ్లినవాళ్లలో ఈయనొకడు. స్టేడియంలోకి షా తమ్ముడు వస్తే చప్పట్లు లేవనీ, వెనకనే తఖ్తీ వస్తే కప్పు యెగిరిపోయిందనీ టెహరాన్ వాళ్లు మురిసిపోతూ చెప్పుకుంటారు. అలాంటి చప్పట్లు ఖరీదైనవి.

ఇక్కడ హబీబీని గుర్తు చేసుకోవాలి. మెల్బోర్న్‌లో తఖ్తీతో పాటు బంగారం తెచ్చినవాడు. ఆయన ప్రపంచ బిరుదులు తఖ్తీవాటికి తీసిపోవు. ఆయన షా కాలపు శాసనసభలో సభ్యుడయ్యాడు, సినిమాలో నాయక పాత్ర వేశాడు. అందులో తప్పు పట్టడానికేముంది? తెచ్చుకున్న పేరును వాడుకోవడం లోకసహజం. తఖ్తీకి మాత్రం సినిమావాళ్లూ వ్యాపార ప్రకటనలవాళ్లూ యెంత చుట్టూ తిరిగినా లాభం లేకపోయిందంటారు. తన పేరు జనం తన దగ్గర దాచిన సొమ్మనీ, దాన్ని అమ్ముకునే హక్కు తనకు లేదనీ అనుకున్నట్టుంది. అలా అనుకోవడం గొప్పే. కాని ఆ బరువు యెవరికైనా మోయగలిగిందేనా అన్న అనుమానం నాకు వయసుతో పాటు పెరుగుతోంది.

వొళ్లు కూడా బరువెక్కుతోంది. 1962లో అమెరికాలోని టొలీడోలో మెద్వెద్ వెనక వెండి, అదే ఆఖరి పతకం. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి 34 యేళ్లు. నాలుగో స్థానం. కుస్తీ ఆడినవాళ్లకు తెలుస్తుంది, నాలుగో స్థానం కన్నా ఆరోది నయం. అక్కడితో ఆగితే బాగుండేది. 1966లో మళ్లీ టొలీడోకే ప్రపంచ పోటీలకు పోయాడు. యెదట మెద్వెద్ వున్నాడు, తుర్కీ మల్లుడు అహ్మెత్ ఆయిక్ వున్నాడు. వుత్త చేతులతో తిరిగొచ్చాడు. యెందుకు వెళ్లాడని నేనడిగితే ఇరానీ కుర్రాడు, నువ్వు వెళ్లకుండా వుంటావా అన్నట్టు చూశాడు.

ఆ యేడే పెళ్లయింది. మరుసటి యేడు కొడుకు పుట్టాడు. 1968 జనవరి 7న, టెహరాన్‌లో అట్లాంటిక్ అనే హోటలు గదిలో తఖ్తీ శవమై కనిపించాడు. వయసు 37. కొడుక్కి నాలుగు నెలలు. ఆత్మహత్య అని ప్రభుత్వం ప్రకటించింది. ఇంటి గొడవలని పత్రికలు రాశాయి. ఆ గదికి పోయే ముందు ఆయన వీలునామా రాసిపెట్టిన మాటా నిజమే. కాని నగరం నమ్మలేదు. షా రహస్య పోలీసు సావాక్ చంపిందని జనం అన్నారు. ఇప్పటికీ అనేవాళ్లు అంటూనే వున్నారు. ఆయన్ని దగ్గరగా యెరిగినవాళ్లలోనే కొందరు, కాదు, మనిషి లోలోపల నలిగిపోయి తనంతట తానే పోయాడన్నారు. జలాల్ ఆల్ అహ్మద్ అనే ప్రసిద్ధ రచయిత, ఆ మరణాన్ని నమ్మడానికి సిద్ధంగా లేని జనం మనసు గురించి ఒక వ్యాసం రాశాడు. నేను చదివినంతలో హత్యకు రుజువులు బయటపడలేదు. అయినా ఈ విషయంలో తీర్పు చెప్పే పని నాది కాదు. ఒకటి మాత్రం అర్థమవుతుంది. తమందరి తరఫున నిలబడ్డవాడు అలసిపోయి వుండవచ్చునని వొప్పుకోవడం ఆ నగరానికి సాధ్యం కాలేదు. బతికుండగా కూడా, నీకు అలసట లేదా అని ఆయన్ని యెవరైనా అడిగారా అని నాకనిపిస్తుంది.

టెహరాన్ పక్కన రేయ్ పట్టణంలో ఇబ్నె బాబూయె శ్మశానంలో ఆయన్ని పూడ్చారు. నలభయ్యో రోజున జనం పోటెత్తారు. సంతాపంగా మొదలైన గుంపు పాలకుల మీద కోపంగా మారింది. పదకొండేళ్లకు షా దేశం విడిచిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లు అనేక వూళ్లలో స్టేడియాలకు తఖ్తీ పేరు పెట్టారు. ఆయన మీద సినిమా తీయబూని అలీ హాతమీ అనే దర్శకుడు మధ్యలోనే చనిపోతే, మరొకరు 1997లో పూర్తి చేశారు. 2019లో ఇంకొకటి వచ్చింది. ప్రతి యేటా జనవరి 7న ఆ సమాధి దగ్గర జనం చేరుతూనే వున్నారు. అధికారంలో వున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఆయన మావాడే అంటారు.

మా హాస్టల్లోనే ఆ సంగతి కళ్లారా చూశాను. 1979 మొదట్లో ఇరానీ కుర్రాళ్లు రెండు మూడు ముఠాలయ్యారు. ఒకళ్ల గదికొకళ్లు పోవడం మానేశారు. మెస్సులో కంచాలు యెగిరిన రోజులున్నాయి. కాని ముఠా యేదైనా గోడ మీది ఆ ఫోటో ఒకటే.

తఖ్తీ చావు ఇంకొక మల్లుడి జీవితాన్నీ మళ్లించింది. ఆ కథ టీవీలో అమెరికా కుస్తీలు చూసిన నేటి కుర్రాళ్లకు వినోదంగా వుంటుంది. హుస్సేన్ ఖుస్రో వజీరీ అని, 1942లో దామ్‌గాన్‌లో పుట్టినవాడు. తఖ్తీ అంటే ప్రాణం పెట్టేవాడు. తన దేవుణ్ణే బతకనివ్వని చోట తానేం బతుకుతానని భయపడి దేశం వదిలానని తర్వాత చెప్పుకున్నాడు. అమెరికా చేరి, 1971లో అక్కడి అమెచ్యూర్ గ్రీకో రోమన్ పోటీల్లో బంగారం గెలిచి, ఆ దేశపు ఒలింపిక్ జట్టుకు శిక్షణలో సాయపడి, ఆఖరికి డబ్బు కుస్తీల్లో దిగాడు. టెహరాన్ రాయబార కార్యాలయంలో అమెరికన్లు 444 రోజులు బందీలుగా వున్న కాలం వచ్చింది. ఇరానీ అంటే పళ్లు కొరికే జనం ముందు, ముక్కు పైకి తిరిగిన జోళ్లు తొడుక్కుని, ఇరాన్ జెండా వూపుతూ, ఐరన్ షేక్ అన్న పేరుతో ప్రతినాయకుడి వేషం కట్టాడు. 1983 డిసెంబరు 26న న్యూయార్కులో ప్రపంచ బిరుదు అందుకుని, నాలుగు వారాలకే, 1984 జనవరి 23న హల్క్ హోగన్‌కు వొదులుకున్నాడు. 2023 జూన్‌లో పోయాడు.

మనవాళ్లు నవ్వుతారేమో గాని నేను నవ్వలేను. ఆ రింగులో తమాషాగా ఆయన తిప్పి, దమ్ముంటే తిప్పమని అమెరికన్లకు సవాలు విసిరిన ఆ చెక్క గదలు యేమిటో తెలుసునా? జూర్‌ఖానే మీల్లే. డోలూ పద్యాలూ మధ్య తఖ్తీ వంటివాళ్లు తిప్పినవే. అవి ఆ దేశంలో ఈలల మధ్య తిరిగాయి. ఒకడు తన పేరును అమ్మనని పట్టుబట్టి 37 యేళ్లకు పోయాడు. ఒకడు తన దేశం పేరునే వేషంగా కట్టి 80 యేళ్లు దాటి బతికాడు. ఇద్దరిలో యెవరిని తప్పు పట్టాలో నాకు తెలియదు. పెళ్లాం బిడ్డలున్నవాణ్ణి, వుద్యోగం చేసుకుని రిటైరైనవాణ్ణి, నేనూ కొన్ని వేషాలు కట్టినవాణ్ణే.

పక్క గది ఇరానీ కుర్రాడు 1979 వేసవిలో చదువు ఆపేసి వెళ్లిపోయాడు. వెళ్లేముందు గోడ మీది ఫోటో వూడదీసి నాకిచ్చాడు. వెనక జిగురు మరకలున్నాయి, ఒక మూల చిరిగింది. ఆ తర్వాత అతని నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి, అంతే.

నాతో ఆ ఆఖరి కుస్తీ ఆడిన కుర్రాణ్ణి చాలా యేళ్ల తర్వాత ఒక పెళ్లిలో చూశాను. నన్ను గుర్తుపట్టి తానే పలకరించాడు. భోజనాల దగ్గర బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. లేచేటప్పుడు యెడమ మోకాలి మీద చెయ్యి ఆనించి, బల్ల పట్టుకుని లేచాడు. అది నా వల్లనో వయసు వల్లనో అడగబోయి, అడగలేక, చెయ్యి అందించాను.

ఆ యేటి కప్పు యిప్పటికీ మన కాలేజీ వ్యాయామ విభాగంలో అద్దాల బీరువా రెండో అరలో వుంది. పోయిన సంవత్సరం పాత విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు చూశాను. వెండి పూత పోయింది గాని, నా పేరు మాత్రం యింకా చదవడానికి వీలుగానే వుంది.